ఆగి ఆగి నడచు పాత కారు: దోషమును పట్టు విధము

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపు పాఠము)



పూర్తిగా చెడిపోయిన కారు యజమానిని ఒకమారే కష్టపెట్టును. చెడీ చెడని కారు నిత్యము కష్టపెట్టును. కదలని బండిని తాడుకట్టి లాగించి మెకానిక్కు వాకిట నిలిపినచో, ఆతడు బానెట్టు ఎత్తి చూచి, చెడిన భాగము ఇది అని చెప్పగలడు. ఆగి ఆగి నడచు బండి సంగతి అట్టిది కాదు. నడిదారిలో ఉన్నట్లుండి ఆగిపోవును. కొంతసేపు చూచి తాళపుచెవి త్రిప్పినచో ఏమియు జరుగనట్లు బయలుదేరును. మెకానిక్కు ఎక్కి గంటసేపు నడిపినను ఒక్కసారియు ఆగదు. వైద్యుని గడప తొక్కగానే పంటిపోటు మాయమైన రోగివలె యజమాని వెలవెలబోవును. ఆతని మాట నమ్మవలెనో, ఇంజను నడకను నమ్మవలెనో మెకానిక్కునకు తోచదు. తుదకు ఇద్దరును కలిసి, తోచిన భాగము నొకదానిని మార్చి, దైవముపై భారము వేసి విడిపోవుదురు. ఈ దైవాధీనపు వైద్యమునకు బదులు యుక్తిసిద్ధమైన వైద్యము కలదని చూపుటయే ఈ ప్రసంగోద్దేశము.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకును పాత కార్లకును గల పరిచయము చిరకాలపుది. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్సువారు మోరిస్ ఆక్స్‌ఫర్డు నమూనాను అనుసరించి చేసిన అంబాసిడరు కారు 1950 దశకపు చివర పుట్టి, 2014 మే నెలలో నిర్మాణము ఆగువరకు ప్రభుత్వ కార్యాలయముల ముంగిళ్లలో కానవచ్చెడిది. అట్టి అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు, 1983లో వెలువడిన మారుతి 800 కార్లు నేటికిని కొందరి ఇండ్లలో ముద్దుబిడ్డలవలె నున్నవి. ఇట్టి కారు పట్టణవీధిలో ఆగినచో నలుగురు నవ్వుదురు. ఎవరో ఒకరు వెనుకనుండి నెట్టుదురు. కాని తెలుగువారు మసలు దారులన్నియు పట్టణవీధులు కావు.

భేజ్జి దారిని తలచుకొనుడు. భేజ్జి పూర్వపు బస్తరు జిల్లాలోనిది. 2012లో ఏర్పడిన సుక్మా జిల్లాలో కోంటా తాలూకాకు చేరిన గ్రామము. విజయవాడనుండి భద్రాచలము, చింతూరు మీదుగా జగదల్‌పూరు పోవు 30వ జాతీయ రహదారిపై, శబరీనదీ తీరమున కోంటా కలదు. ఆంధ్రప్రదేశ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రముల ఎల్లలు ఆ ప్రాంతముననే కలియును. కోంటా వీధులలో తెలుగు మాట వినబడును. చుట్టుపట్ల పల్లెలలో కోయలు, దొర్లలు నివసింతురు. కోంటానుండి సుక్మా వైపు పోవు మార్గమున ఇంజరమువద్ద రహదారిని విడిచి, అడవిలో సుమారు 20 కిలోమీటర్లు పోయినచో భేజ్జి వచ్చును. ఈ దారి సులభముగా వచ్చినది కాదు. 2017 మార్చి 11వ తేదీన భేజ్జి సమీపమున దారి పనులకు కావలి కాయుటకై వెడలిన కేంద్ర రిజర్వు పోలీసు దళమువారు 12 మంది మావోయిస్టుల దాడిలో అసువులు బాసిరి. వారును కేంద్ర ప్రభుత్వోద్యోగులే. అంత మూల్యము చెల్లించి వేసిన దారిమీద రోగిని ఆసుపత్రికి కొనిపోవు బండి నడుమ ఆగిపోవుట నవ్వులాట కాదు.

ఉదాహరణమునకు, చలిజ్వరముతో సొమ్మసిల్లిన పసివానిని పాత కారులో పరుండబెట్టి, తల్లిదండ్రులు వేసవి మధ్యాహ్నమున భేజ్జినుండి కోంటాకు బయలుదేరినారనుకొందురు గాక. సగము దారిలో ఇంజను ఆగినది. అడవిలో మెకానిక్కు లేడు. నడిపువానికి ఎరుకలేనిచో కనబడిన వైరునెల్ల కదిలించును, కనబడిన మరనెల్ల త్రిప్పును. పది నిమిషములకు బండి తనంత బయలుదేరినచో తాను చివర ముట్టిన మరయే వ్యాధిమూలమని నమ్మును. మరునాడు మరల ఆగును. దోషమునకు మందు పడలేదు. అదనముగా సరిగానున్న మర ఒకటి చెడినది.

ఆ పసివాని జ్వరమును, ఈ ఇంజను జబ్బును ఒక జాతివే. వచ్చుచు పోవుచుండు జ్వరమును మన ఆయుర్వేదమువారు విషమజ్వరమనిరి. దినము విడిచి దినము వచ్చునా, రెండు దినములు విడిచి వచ్చునా, చలి ముందా వేడి ముందా అని పూర్వపు వైద్యులు అడిగెడివారు. రాకపోకల క్రమమే వ్యాధిజాతిని తెలుపుచుండెను. 1880లో లావెరాన్ పండితుడు రోగి రక్తమున మలేరియా క్రిమిని చూచెను. 1897 ఆగస్టు 20వ తేదీన రొనాల్డ్ రాస్ మన సికిందరాబాదులో దోమ కడుపున దానిని కనుగొనెను. బస్తరు సీమ మలేరియాకు పేరుపడినది. అచ్చట 2020 జనవరిలో ఆరంభమైన మలేరియా నిర్మూలనోద్యమమున ఇంటింటికి పోయి, జ్వరము లేనివారి రక్తమును సైతము పరీక్షించిరి. పైకి ఆరోగ్యముగా తిరుగువారిలో అనేకుల రక్తమున క్రిమి బయటపడెను. దీనినుండి కారు యజమాని గ్రహింపదగిన విషయములు రెండు. వచ్చి పోవు వ్యాధికి రాకపోకల లెక్క వ్రాసికొనుట మొదటి చికిత్స. ఈ క్షణమున బాగుగా నడచుచున్నదన్న మాత్రమున దోషము పోయినదని తలపరాదన్నది రెండవది.

ఇక ఇంజను సంగతి. పెట్రోలు ఇంజను నడచుటకు మూడు కావలెను: తగుపాళ్లలో గాలి కలిసిన పెట్రోలు ఆవిరి; దానిని సిలిండరులో గట్టిగా నొక్కు బిగువు; సరియైన వేళకు నిప్పురవ్వ. ఇందులో నొక్కు బిగువు అరిగిన కొలది తగ్గునే కాని, పొద్దున పోయి సాయంకాలము తిరిగి వచ్చునది కాదు. కావున ఆగి ఆగి నడచు ఇంజనులో అనుమానము మిక్కిలిగా రెంటిమీదనే నిలుచును: నిప్పురవ్వ తప్పుచున్నదా, పెట్రోలు తప్పుచున్నదా? ఈ ఒక్క ప్రశ్నకు ముందుగా జవాబు రాబట్టినవానికి సగము పని తీరినట్లే. ఇది తేలకముందే పంపును మార్చుటయు, కాయిలును మార్చుటయు దీపము లేక చీకటింట సూది వెదకుట వంటిది.

ఇంజను చచ్చు తీరు మొదటి సాక్ష్యము. ఇంటిలో దీపపు స్విచ్చి తీసినట్లు, చప్పుడులేక ఒక్కసారిగా ఆగినచో అనుమానము విద్యుత్తుమీద. దగ్గుచు, కుదుపుచు, కాలు అదిమినకొలది బలము తగ్గి, మెల్లమెల్లగా ఆగినచో అనుమానము పెట్రోలుమీద. ఇది శాసనము కాదు, సూచన మాత్రమే. అయినను మంచి సూచన.

తిరిగి బ్రతుకు తీరు రెండవ సాక్ష్యము. ఆగిన మరుక్షణముననే బయలుదేరినచో ఎక్కడనో వైరు వదులై తగిలి తగులక యున్నదని ఊహింపవచ్చును. చల్లారిన పిదపనే బయలుదేరినచో ఇద్దరు నేరస్థులు ముందు నిలుతురు: వేడికి లోపలి తీగ విడిపోవు ఇగ్నిషను కాయిలు ఒకడు, పెట్రోలు గొట్టములో పుట్టిన ఆవిరి రెండవవాడు. చలి ఉదయమైనను ఎండ మధ్యాహ్నమైనను లెక్కచేయక, ఇంత దూరము నడచినపిదప ఆగి, కొంత తాళినపిదప సాగినచో, ట్యాంకులోని మడ్డినో, ట్యాంకు మూతనో అనుమానింపవలెను.

ట్యాంకు మూత వింత నేరస్థుడు. పెట్రోలు బయటికి పోయినకొలది ట్యాంకులోనికి గాలి ప్రవేశింపవలెను. అందుకై పాత కార్ల మూతలలో సన్నని రంధ్రముండును. అది దుమ్ముతో పూడినచో లోపల శూన్యమేర్పడి, పంపు ఎంత లాగినను పెట్రోలు రాదు. నిండు ట్యాంకులో పైన ఖాళీ తక్కువ గనుక శూన్యము త్వరగా ఏర్పడును. కావున ‘పెట్రోలు నిండుగా పోయించిన దినముననే ఆగుచున్నది’ అను మాట వినబడినచో తెలివిగల మెకానిక్కు మొదట మూతనే చూచును. బండి ఆగిన క్షణమున మూత త్రిప్పినప్పుడు ‘సుయ్’మని గాలి లోనికి పీల్చిన చప్పుడు వినబడినచో దోషి దొరికినట్లే. దీనికి ఒక పైస ఖర్చు లేదు, ఒక పనిముట్టు అక్కరలేదు.

ఆవిరి చేయు అల్లరి వేరు. పెట్రోలు అనేక ద్రవముల మిశ్రమము. అందలి తేలిక భాగములు సుమారు 35, 40 డిగ్రీల వేడికే మరుగ మొదలిడును. పంపు లాగునప్పుడు గొట్టములో ఒత్తిడి తగ్గుటచే అవి ఇంకను త్వరగా ఆవిరియగును. ద్రవమును తోడుటకు చేసిన పంపు ఆవిరిని తోడలేదు. నడచుచున్నంతసేపు రెక్కల గాలి తగులుచుండును. ఆపగానే ఆ గాలియు, నీటి ప్రవాహమును నిలిచి, ఇంజను వేడి అంతయు పంపుకును కార్బురేటరుకును ప్రాకును. అందుచేతనే, బాగుగా వచ్చిన బండి టీ దుకాణమువద్ద పది నిమిషములు నిలిచినపిదప కదలనని మొరాయించును.

ఇచ్చటనే తొందరపాటువలన చేయు పొరపాటొకటి కలదు. బండి ఎండలో ఆగినది. కారణము కాయిలు కావచ్చును, ఆవిరియు కావచ్చును. నడిపువాడు తడిగుడ్డ తెచ్చి పంపుమీద ఒకటి, కాయిలుమీద ఒకటి ఒకేసారి వేసినాడు. బండి బయలుదేరినది. ఆతడు సంతోషించెను గాని, తెలిసికొన్న దేమున్నది? ఏ గుడ్డ పనిచేసినదో ఎవరికిని తెలియదు. పంపుమీద మాత్రమే గుడ్డ వేసి, చూచి, ఫలింపనిచో తీసివేసి, కాయిలు కొనలకు తడి తగులకుండ దాని ఒంటిమీద గుడ్డ చుట్టి చూచినచో దోషి ఎవరో తెలియును. ఒకసారి ఒక మార్పే చేయవలెనన్నది ఈ శాస్త్రమున మొదటి సూత్రము.

పై సాక్ష్యములు మరచిపోకుండుటకు కారులో చిన్న నోటుపుస్తకము, పెన్సిలు ఉంచవలెను. కార్యాలయములలో ఫైలుమీద నోటు వ్రాయు అలవాటు గలవారికి ఇది కష్టము కాదు. ఆగిన తేది, వేళ, ఎండయా వానయా, బయలుదేరినపిదప ఎన్ని కిలోమీటర్లకు, ట్యాంకులో పెట్రోలెంత, ఎగువయా దిగువయా, గతుకులోనా సమతలముననా, చప్పున ఆగెనా, దగ్గి ఆగెనా, ఏమి చేసిరి, ఎన్ని నిమిషములకు బయలుదేరెను. ఇట్టి నోట్లు అయిదారు చేరునప్పటికి వానియందు ఒక క్రమము కానవచ్చును. ‘ఊరక ఆగుచున్నది’ అని మెకానిక్కుతో చెప్పు యజమానికిని, ‘ఆరు పర్యాయములలో అయిదు పర్యాయములు గతుకు తగిలిన మరుక్షణమున ఆగినది’ అని చెప్పు యజమానికిని ఎంత భేదము!

నోటుపుస్తకముతోబాటు ఇద్దరు సాక్షులను బండిలోనే నియమింపవచ్చును. మొదటి సాక్షి 12 వోల్టుల చిన్న బల్బు. కాయిలునకు స్విచ్చినుండి విద్యుత్తు వచ్చు కొననుండి వైరు తెచ్చి, బల్బును నడిపువాని కంటికెదురుగా కట్టి, రెండవ వైరును కారు ఇనుమునకు తగిలింపవలెను. ఇంజను ఆగిన క్షణమున బల్బుకూడ ఆరినచో స్విచ్చియో, స్విచ్చినుండి వచ్చు వైరో దోషి. వెలుగుచునే యున్నచో అంతవరకు నిర్దోషులు. రెండవ సాక్షి గాజు గిన్నెగల పెట్రోలు ఫిల్టరు. ఇంజను ఆగగానే దిగి చూచినచో, గిన్నెలో పెట్రోలున్నదా, బుడగలున్నవా, ఎర్రని తుప్పు మడ్డి యున్నదా తెలియును. ఈ సాక్షులు మెకానిక్కు లేనప్పుడుకూడ బండిలోనే యుండి చూచుచుందురు.

బండి ఆగినపుడు చేయదగిన పరీక్షలు రెండు. మొదటిది నిప్పురవ్వ పరీక్ష. పెట్రోలు కారుట లేదని వాసనచే రూఢి చేసికొనవలెను. ఇంజను ఇనుమునకు గట్టిగా ఆనించి కట్టిన వేరొక ప్లగ్గునకు ప్లగ్గు వైరొకటి తగిలించి, మరియొకరిచేత స్టార్టరు వేయించినచో, దాని కొనల నడుమ నీలిరంగున గట్టి రవ్వ పడవలెను. చేతితో ముట్టరాదు, కాయిలు 12 వోల్టులను వేల వోల్టులకు పెంచును. రవ్వ బాగున్నచో విద్యుత్తు నిర్దోషి. రవ్వ లేకున్నను, పసుపువన్నెతో నీరసముగా నున్నను, వెదకవలసిన దారి చిన్నదే: బ్యాటరీ కొనలు, స్విచ్చి, కాయిలు, డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు, కండెన్సరు, మూత, నడిమి కార్బను ముక్క.

ఈ దారిలో రెండు మూలలు విశేషముగా చూడదగినవి. తాళపుచెవుల గుత్తి మొదటిది. ఇంటి తాళములు, బీరువా తాళములు, కార్యాలయపు తాళములు అన్నియు కారు తాళముతో ఒకే వలయమునకు తగిలించినచో, గతుకు దారిలో ఆ బరువు ఊగి ఊగి స్విచ్చిలోని రేకులను వదులు చేయును. రెండవది డిస్ట్రిబ్యూటరు లోపలి చిన్న వైరు. లూకాస్ తరహా డిస్ట్రిబ్యూటరులో పాయింట్లు నిలిచియున్న పళ్లెము ఇంజను పీల్పునుబట్టి కొంచెము అటునిటు తిరుగును. దానితోబాటు ఆ వైరు వేలమార్లు వంగి, పైతొడుగు చెక్కుచెదరకుండగనే లోపలి రాగితీగ తెగును. తెగిన కొనలు ఒకప్పుడు తగులును, ఒకప్పుడు తగులవు. కంటికి నిండు వైరు. లోన తెగిన వైరు. దానిని మెల్లగా లాగి చూచినచో మధ్య భాగము సాగినట్లు తెలియును. ఇంతటి అల్పవస్తువునకై కాయిళ్లు, కండెన్సర్లు, కార్బురేటర్లు మార్చినవారు ఎందరో! పాయింట్ల సందు అంబాసిడరు తరగతి ఇంజనులకు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లు; అరిగి మూసికొని పోయినను, కాలి నల్లబడినను ఇంజను తడబడును.

రెండవది పెట్రోలు పరీక్ష. కాయిలు వైరు తీసి రవ్వ పడకుండ చేసి, కార్బురేటరు చేరు గొట్టమును విప్పి, సీసాలోనికి పెట్టి స్టార్టరు వేసినచో పెట్రోలు ఎగిసి ఎగిసి పడవలెను. వేడి ఇంజను దగ్గర పెట్రోలు చిందరాదు. దాపున బీడీ చుట్టలుండరాదు. బాగుగా పడినచో దోషము ముందున్న కార్బురేటరులో, అనగా తొట్టిలోని సూదివద్ద చేరిన నలుసులోనో, జెట్టులోనో ఉండును. పడనిచో వెనుకకు నడువవలెను: పంపు, ఫిల్టరు, గొట్టము, ట్యాంకు. పంపునకు వెనుకనున్న రబ్బరు గొట్టము చీలినను పెట్రోలు బయటికి కారకపోవచ్చును. అచ్చట పంపు లాగుచుండును గనుక గాలియే లోనికి పోవును. ‘కారుట లేదు గదా, గొట్టము బాగున్నది’ అనుట పొరపాటు. ట్యాంకు అడుగున తుప్పు చేరినచో ఇంజను లాగినపుడు రేకులు గొట్టపు నోటికి అడ్డుపడి, ఆపినపుడు జారి అడుగునకు పోవును. గొట్టములో గాలి కొట్టినచో వారము దినములు బాగుగా నడచి, మరల ఆగినట్లయిన ట్యాంకు దించి కడుగవలసినదే.

ఈ కాలమున మరియొక కారణముకూడ చేరినది. 2023 ఫిబ్రవరినుండి మన దేశమున 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు అమ్మకమునకు వచ్చినది. పాత కార్ల గొట్టములు, పంపులోని పొర అట్టి ఇంధనమునకై చేసినవి కావు. కొన్ని రకముల రబ్బరు అందు ఉబ్బి మెత్తబడుటయో, గట్టిపడి చీలుటయో కలదు. ఇథనాలు ట్యాంకు గోడలకు పట్టిన పాత మడ్డిని కదల్చి ఫిల్టరునకు తెచ్చును. గాలిలోని తేమను పీల్చును. నీరు మితిమీరినచో ఆ నీటితో కలిసి ట్యాంకు అడుగునకు దిగును. నెలల తరబడి షెడ్డులో నిలిపి ఉంచిన కారు వానకాలపు మొదటి ప్రయాణమున ఆగుటకు ఇదియు ఒక హేతువు. దీనికి భయపడ నక్కరలేదు. ఇథనాలునకు తాళు రబ్బరు గొట్టములు వేయించి, మొదట ఫిల్టరును తరచుగా చూచుకొనిన చాలును.

కార్బురేటరు లేక, కంప్యూటరుతో పెట్రోలు చిమ్ము కార్లుకూడ ఇప్పుడు పాత కార్ల వరుసలో చేరినవి. వానికిని పద్ధతి ఇదియే. నేరస్థుల పేర్లు మారును. ఇంజను తిరుగుటను కనిపెట్టు క్రాంకు సెన్సరు వేడికి విడిపోయి చల్లారినపిదప కూడుట, పెట్రోలు పంపు రిలే వదులగుట, ట్యాంకులోని పంపు అలసిపోవుట అందు తరచుగా కనబడును. తాళము వేయగానే ట్యాంకు దిక్కున పంపు రెండు క్షణములు గుయ్యిమను చప్పుడు వినబడునా అని చెవి పెట్టవలెను. అడవి దారుల తిరుగు డీసెలు జీపులలో నిప్పురవ్వయే లేదు. అచ్చట గొట్టములో చొరబడిన గాలి, పూడిన ఫిల్టరు మొదట చూడదగినవి.

దోషము తెలిసినదని ఎప్పుడు చెప్పవచ్చును? ఈ ప్రసంగమునకు ఇదియే ప్రాణము. కాకి వాలుటయు తాటిపండు పడుటయు ఒకేసారి జరిగినచో కాకియే పండును పడవేసినదనుటను మన పెద్దలు కాకతాళీయ న్యాయమనిరి. ఆగి ఆగి నడచు బండికి చేసిన ప్రతి వైద్యమును కొంతకాలము ఫలించినట్లే కనబడును. ఏలయన వైద్యము చేయకున్నను అది కొంతకాలము నడచును! అందువలన, భాగము మార్చినపిదప బండి నడచుట రుజువు కాదు. తర్కసంగ్రహకర్తయైన అన్నంభట్టు తెలుగువాడు. ఆతడు బోధించిన తర్కమున అన్వయ వ్యతిరేకములని రెండు కలవు: ఇది యున్నచోట అది యుండుట, ఇది లేనిచోట అది లేకుండుట. మెకానిక్కు శాలలోను కావలసినవి ఇవియే. డిస్ట్రిబ్యూటరులోని వైరును అనుమానించినచో, ఇంజను నడచుచుండగా ఎండు కర్రపుల్లతో దానిని కదిలింపవలెను. కదిలించినపుడెల్ల ఇంజను తడబడి, విడిచినపుడెల్ల సర్దుకొనవలెను. ట్యాంకు మూతను అనుమానించినచో, ఆ మూతతో ఆగిన దూరమును మంచి మూతతో ఆగక నడచి, పాత మూత తిరిగి బిగింపగా మరల ఆగవలెను. దోషమును పిలిచినపుడు రప్పింపగలిగి, పొమ్మన్నపుడు పంపగలిగిన నాడే దానిని పట్టినట్లు. అంతవరకు మార్చిన భాగములు ఊహలే.

ఇందువలన డబ్బుకూడ కలిసివచ్చును. అనుమానముమీద కాయిలు, అనుమానముమీద పంపు, అనుమానముమీద కార్బురేటరు మార్చిన ఇంట జీతపురాళ్లు కరగును. పైగా కొత్తగా బిగించిన నాసిరకపు భాగము తన జబ్బును కూడ తెచ్చును. తీసిన పాత భాగమును పారవేయక దాచుట మేలు. అది నిర్దోషియని తరువాత తేలవచ్చును.

దూరపు దారి పోవువారు బండిలో ఉంచవలసిన సామాను ఎక్కువ కాదు: వైరుతో కూడిన బల్బు, మంచి ప్లగ్గు, పాయింట్లు కండెన్సరు ఒక జత, బారెడు రబ్బరు గొట్టమును బిగించు పట్టీలును, ఫిల్టరు, ఇన్సులేషను టేపు, నీళ్లసీసా, గుడ్డ, నోటుపుస్తకము. వీనికంటె ముఖ్యమైనది సత్యము పలుకుట. పల్లెలలో కారు గల ఇంటికి అర్ధరాత్రి ఇరుగుపొరుగువారు రోగిని తెచ్చి సాయమడుగుదురు. అట్టివేళ ‘ఈ బండి నడుమ ఆగుచున్నది, కారణమింకను తెలియలేదు’ అని ఉన్నమాట చెప్పి, వేరొక బండిని పిలిపించుట ఉపకారము. మొగమాటమునకు పోయి రోగిని ఎక్కించుకొనుట అపకారము. ‘మొన్ననే బాగుచేయించితిమి’ అను మాటను బాగుచేసిన దోషము రుజువైన తరువాతనే పలుకవలెను.

పాత కారు నడుపుటలో సిగ్గుపడవలసిన దేమియు లేదు. దాని యంత్రము ఓపికగలవానికి తెరచిన పుస్తకము. చదువ నేర్చినచో తన జబ్బును తానే చెప్పును. ఇంటిలోని యువకులకు ఈ విద్య నేర్పుట యుక్తము. బల్బు కట్టుట, మూత చప్పుడు వినుట, నోటు వ్రాయుట చేతనైన బాలునికి తర్కశాస్త్రపు మొదటి పాఠము కారు షెడ్డులోనే దొరకును. భేజ్జి వంటి దారులమీద రోగిని ఒడిలో పెట్టుకొని కూర్చున్న తల్లికి ఆ విద్య అవసరమైన వేళ అక్కరకు వచ్చును.